సీటు సందులో పడిన ఫోను

మా అబ్బాయి కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరి తొమ్మిది సంవత్సరాలు దాటింది. కోడలు కూడా అక్కడే ఆసుపత్రిలో నర్సు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్లండి నాన్నా" అని ప్రతి క్రిస్మస్‌కూ ఫోనులో అడుగుతూనే ఉండేవాడు. నేనేమో కోతలనీ, మా ఇంటావిడేమో గేదె ఈనుతుందనీ ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాము. చివరకు 2025 నవంబరులో, మనవరాలి మొదటి పుట్టినరోజు నెపంతో బయలుదేరాము. పాలకొల్లు నుండి రైలెక్కి వేలూరు ఆసుపత్రి దాకా వెళ్లిన అనుభవమే గాని, విమానం మెట్లు తొక్కడం మా ఇద్దరికీ అదే మొదలు. ముప్పై రెండు సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పినవాణ్ణి నేను. విమానం గాలిలో ఎలా నిలబడుతుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్క లేదు. తీరా అది నేల విడిచే సమయానికి మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నది నేనే.

కువైట్‌లో ఉన్నది మూడు వారాలు. చలికాలం మొదలైంది గనుక ఎండ బాధ లేదు. అబ్బాయి వాళ్లుండేది ఫర్వానియాలో. వీధిలోకి వస్తే మలయాళం, తమిళం, ఉర్దూ, బెంగాలీ, మధ్యమధ్య మన తెలుగు. అక్కడ వారపు సెలవు శుక్రవారం గనుక ఆరాధన కూడా శుక్రవారమే. మొదటి వారం నాకు ఆదివారమేదో తెలియక దినాలన్నీ కలిసిపోయాయి. సముద్రపు ఒడ్డున స్తంభాలకు నీలి గోళాలు గుచ్చినట్టుండే కువైట్ టవర్లు చూశాము. మా ఆవిడకు అన్నింటికంటె నచ్చినది చేపల బజారు. నరసాపురం రేవులో పెరిగిన మనిషి ఆమె. అరబ్బు దేశంలో చేప మొప్పలెత్తి చూసి, "ఇది నిన్నటిది" అని తెలుగులోనే తేల్చి చెప్పింది. అమ్మేవాడికి భాష రాకపోయినా సంగతి అర్థమై వేరేది తీసి ఇచ్చాడు.

అయితే నేను ఇక్కడ రాయదలచినది కువైట్ గురించి కాదు. తిరుగు ప్రయాణంలో జరిగిన ఒక సంగతి గురించి. మన ఊళ్లలో ఇంటికొకరు గల్ఫ్‌కో, అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్లి వస్తున్న రోజులివి. తల్లిదండ్రులు కూడా విమానాలెక్కుతున్నారు. గనుక ఇది మీ ఇంట్లోనూ ఒకరికి ఉపయోగపడవచ్చు.

విమానాశ్రయంలో మన వాళ్ల సామాను చూడవలసినదే. దుప్పట్లు, ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, సబ్బులు అన్నీ అట్టపెట్టెలలో కుక్కి, నైలాను తాడు అడ్డంగా నిలువుగా బిగించి, పైన మార్కరుతో పేరూ ఊరూ తెలుగులోనే రాసి ఉంటాయి. మా ముందు వరుసలో రాయచోటి వైపు యువకుడు ఒకతను నిలబడి ఉన్నాడు. కౌంటరులోని అమ్మాయి, "పెట్టెలో పవర్ బ్యాంకు గాని, విడి బ్యాటరీలు గాని ఉన్నాయా?" అని అడిగింది. అతను లేవన్నాడు. మళ్లీ ఏదో గుర్తుకొచ్చి నాలుక కరుచుకున్నాడు. తమ్ముడికని కొన్న పవర్ బ్యాంకు సరిగ్గా పెట్టె అడుగున ఉందట! అంతసేపు బిగించిన తాళ్లన్నీ కోసి, దుప్పట్లు నేలమీద పరచి, దాన్ని బయటికి తీసేసరికి వెనకనున్న మేమంతా విసుక్కున్నాము. ఎందుకింత రాద్ధాంతం, అరచేతిలో పట్టే వస్తువుకు, అనుకున్నాను. అలా విసుక్కున్నవారిలో నేను మొదటివాణ్ణి అని ముందే ఒప్పుకుంటున్నాను.

రాత్రి విమానం. హైదరాబాదుకు సుమారు ఐదు గంటల ప్రయాణం. ఒక పక్క మూడు, మరో పక్క మూడు సీట్లు. నేను నడవ పక్కన, మా ఆవిడ మధ్యలో, కిటికీ దగ్గర ముప్పై ఏళ్లు నిండని ఒక అమ్మాయి. మా ఆవిడ సంగతి మీకు తెలియదు గాని, పక్కన మనిషి ఉంటే పది నిమిషాల్లో పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటుంది. ఆ అమ్మాయిది కోనసీమ, రాజోలు దగ్గర పల్లె. అంటే మాకు గోదావరి అవతలి ఒడ్డే. నాలుగున్నర సంవత్సరాలుగా ఒక ఇంట్లో కద్దామాగా పని చేస్తూ, మొదటిసారి సెలవు మీద ఇంటికి వస్తున్నది. వెళ్లేటప్పుడు కొడుక్కి రెండేళ్లు. ఇప్పుడు రెండో తరగతి. భర్త లేడు. పిల్లవాణ్ణి అమ్మమ్మ పెంచుతున్నది. ఫోనులో వాడి ఫొటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ మా ఆవిడకు చూపించింది. పళ్లు ఊడినవి, బడిలో బహుమతి తీసుకున్నవి, జ్వరంతో పడుకున్నవి. ఎత్తుకోని బిడ్డ పెరగడమంతా ఆ అద్దం మీదనే చూసుకున్నది.

భోజనాలయ్యాక దీపాలు తగ్గించారు. ముగ్గురం కునుకు తీశాము. ఎంతసేపయిందో గాని, మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఆ పిల్ల ఏదో వెతుక్కుంటోంది, అడగండి" అంది.

"ఏం పోయిందమ్మా?" అన్నాను.

"ఏం లేదండి బాబాయ్ గారూ."

కాసేపటికి మళ్లీ సీటు పక్కన చెయ్యి దూర్చి తడుముకుంటున్నది. ఈసారి గట్టిగా అడిగితే, "ఫోను జారిపోయిందండి. దిగేటప్పుడు తీసుకుంటానులెండి" అంది.

"దానికేముంది, ఆ అమ్మాయిని పిలుద్దాము. వాళ్లే తీసి ఇస్తారు."

"వద్దండి, వద్దండి. తిడతారండి."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. నాలుగున్నర సంవత్సరాలు పగిలిన ప్రతి పళ్లేనికీ, ఆలస్యమైన ప్రతి చాయ్‌కీ మాట పడిన మనిషి. తప్పు జరిగితే దాచుకోవాలే గాని చెప్పకూడదని ఆ ఇల్లు ఆమెకు నేర్పింది.

సరే, మాష్టారిని కదా, నేనే పూనుకున్నాను. నా ఫోనులోని లైటు వేసి వంగి చూస్తే, సీటుకూ వీపు ఆనించే పలకకూ మధ్య సందులో ఏదో మెరిసింది. "సీటు కొంచెం వెనక్కి వాలిస్తే సందు వెడల్పవుతుంది, వేలు పెట్టి లాగవచ్చు" అన్నాను. బొత్తాము నొక్కి వెనక్కి వాల్చాను. మెరిసినది ఇంకా లోపలికి జారింది. అయ్యో అని మళ్లీ ముందుకు తెచ్చాను. అప్పుడు లోపల ఎక్కడో "టిక్" మని చిన్న శబ్దం వచ్చింది, ఎండిన నత్తగుల్ల మీద కాలు వేసినట్టు. ఏ ప్లాస్టిక్ ముక్కో అనుకుని మళ్లీ బొత్తాము మీద వేలు పెట్టాను.

"ఆపండి" అంది మా ఆవిడ. అని ఊరుకోక, నెత్తిమీద ఉన్న పిలుపు బొత్తాము తానే నొక్కింది.

వచ్చిన అమ్మాయికి మా మనవరాలి అత్త వయసుంటుంది. నాకొచ్చిన హిందీలో, ఫోను సీటులో పడింది అని చెప్పాను. అంతవరకు ఉన్న చిరునవ్వు పోయింది. అరచెయ్యి అడ్డం పెట్టి, సీటు కదపవద్దు, ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు, నిదానంగా లేచి బయటికి రండి అన్నది. మా ముగ్గుర్నీ, వెనక వరుస వాళ్లనూ లేపి నడవలో నిలబెట్టారు. క్షణాల్లో మరొకతను వచ్చాడు. చేతులకు మందపాటి తొడుగులు, ఒక చేతిలో మంటలార్పే గొట్టం, వెనక మరొకరి చేతిలో నీళ్ల సీసాలు. నిద్రలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. కూర్చునే దిండు పైకెత్తి తీశారు. లోపల, సీటు వాలినప్పుడు మడతపడే ఇనుప కమ్మీకీ చట్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది ఫోను. మూల వంగిపోయింది. వెనక అద్దం గీతలు గీతలుగా చిట్లింది.

పొగ లేదు. అతను తొడుగు వేసిన చేతి వెనక వైపుతో వేడి ఉందేమో చూశాడు. తరువాత తొందర లేకుండా, కమ్మీ కదలకుండా, పసిబిడ్డను తీసినట్టు తీశాడు. ఫోను ఆపేసి, దాన్ని దళసరి సంచిలో పెట్టి వెనక వంటగది వైపు తీసుకువెళ్లారు. విమానం దిగేవరకు ఒకరు దాని పక్కనే కనిపెట్టుకుని ఉన్నారు.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "ఫోను పడిన తరువాత సీటును ఎవరైనా కదిపారా?"

నేను నోరు విప్పేలోగా కోనసీమ అమ్మాయి, "నేనేనండి" అన్నది. ఆమెకు హిందీ కొంచెం వచ్చు. ఎవరి మీద నింద పడుతుందో అని కూడా ఆలోచించలేదు. అలవాటుగా తన మీద వేసుకుంది. నాకు అరవై ఆరు సంవత్సరాలు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఊరుకుంటే సరిపోతుందిలే అని నా మనసుకు తోచింది. ఆ క్షణాన్ని నేను మరువలేకపోతున్నాను. "కాదు, నేను కదిపాను. రెండుసార్లు" అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "చెప్పినందుకు సంతోషం. ఇంకా కదిపితే కష్టమయ్యేది" అని, మమ్మల్ని వేరే సీట్లలో కూర్చోబెట్టి వేడి టీ తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.

ఇంటికి వచ్చాక ఈ సంగతి గురించి దొరికినంత చదివాను. చదివినకొద్దీ నా వేలు బొత్తాము మీద ఉన్న ఆ ఘడియ తలచుకుని ఒళ్లు జలదరించింది.

సెల్‌ఫోనులో, ట్యాబ్‌లో, పవర్ బ్యాంకులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దాని లోపల ధన పలక, ఋణ పలక రెండూ రేకుల్లా పలచగా ఉంటాయి. వాటి మధ్య అంతకన్న పలచని ప్లాస్టిక్ పొర. చుట్టూ త్వరగా అంటుకునే ద్రవం. చాపచుట్టలా చుట్టి గాని, మడతలుగా పేర్చి గాని అమరుస్తారు. ఆ పొర క్షేమంగా ఉన్నంతవరకు అది మన దాసి. నలిగి, వంగి, ఎక్కడైనా పొర చిరిగితే రెండు పలకలూ తాకి, నిలవ ఉన్న విద్యుత్తంతా ఒక్కచోటే వేడిగా మారుతుంది. ఆ వేడికి పక్క పొర కరుగుతుంది, అక్కడ మరింత వేడి పుడుతుంది. మంటలు లేచే వాయువులు బయటికి తన్నుకొస్తాయి. ఒకసారి మొదలైతే దానికదే ముందుకు సాగుతుంది. పొయ్యిలో కట్టె అయితే బయటికి లాగేస్తాము. ఇక్కడ కట్టె, కిరసనాయిలు, అగ్గిపుల్ల మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయి. నలిగిన వెంటనే అంటుకోవాలని కూడా లేదు. కొంతసేపు మామూలుగా ఉండి తరువాత రగలవచ్చు. మా ఫోను దగ్గర ఒకరు కాపలా కూర్చున్నది అందుకే.

ఇంకొకటి నాకు కొత్తగా తెలిసింది. విమానంలో ఉండే మంటలార్పే మందు పైకి లేచిన మంటను అణచగలదు గాని, బ్యాటరీ లోపలి వేడిని లాగలేదు. ఆ వేడి తీయవలసినది నీళ్లే. విద్యుత్తు వస్తువు మీద నీళ్లు పోయకూడదని నా విద్యార్థులకు చెప్పినవాణ్ణి నేను. గోడకు తగిలించిన వైరు విషయంలో అది నిజమే. కాని రగిలిన ఫోనుకు మంట అణిగాక నీళ్లతో తడపడమే చల్లార్చే మార్గం. దుప్పటి కప్పకూడదు, మంచుగడ్డలు పేర్చకూడదు. అవి వేడిని లోపలే దాచిపెడతాయి.

ఇదంతా ఊహ కాదు. 2016లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుండి అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌కు క్వాంటాస్ వారి పెద్ద విమానం, రెండంతస్తుల ఎయిర్‌బస్ ఎ380, వెళ్తోంది. గమ్యం ఇంకా రెండు గంటలుందనగా ఒక ప్రయాణికుడు పొగ చూసి సిబ్బందిని పిలిచాడు. వారు దిండ్లు తీసి చూస్తే సీటు యంత్రంలో నలిగిన ఫోను. ఆ సీటుకు కరెంటు ఆపి, ఫోనును విడిపించి, నీళ్ల జగ్గులో ముంచి, దిగేవరకు కనిపెట్టుకున్నారు. అందరూ క్షేమంగా దిగారు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఆ సంఘటన మీద నివేదిక ప్రచురించింది. ఖరీదైన తరగతుల్లో సీటు మంచంలా పరుచుకోవడానికి లోపల మోటార్లు ఉంటాయి. మన చేతికి అడ్డు తగిలితే మనం ఆగుతాము. మోటారు ఆగదు, పిండేస్తుంది. మా సాధారణ సీటుకు మోటారు లేదు. నా మూర్ఖత్వం ఉంది.

పొగ రాకముందే జాగ్రత్తపడిన వారి కథ నాకు ఇంకా నచ్చింది. 2025 మార్చి 21న ప్యారిస్ నుండి కరేబియన్ దీవి గ్వాడెలూప్‌కు ఎయిర్ ఫ్రాన్స్ విమానం 375 మంది ప్రయాణికులతో బయలుదేరింది. ఫ్రాన్స్ తీరం దాటుతుండగా ఒకరి ఫోను కనిపించలేదు. వెతికారు, దొరకలేదు. ముందున్నది అట్లాంటిక్ మహాసముద్రం. విమానాన్ని వెనక్కి తిప్పి ప్యారిస్‌లోనే దింపారు. మరమ్మతు సిబ్బంది ఫోనును వెతికి తీశాక మళ్లీ బయలుదేరారు. మరుసటి నెలలోనే లాస్ ఏంజెలిస్ నుండి మ్యూనిక్ వెళ్తున్న లుఫ్తాన్సా విమానం, 461 మంది ప్రయాణికులతో, సీటులో ఇరుక్కుని వంగిపోయిన ట్యాబ్ నిమిత్తం బోస్టన్‌లో దిగింది. వందలమంది పెళ్లిళ్లు, ఉద్యోగాలు, కలుసుకోవలసిన మరో విమానాలు అన్నీ ఆలస్యం. ఎంత తిట్టుకుని ఉంటారో! కాని ఆ ఫోను పోగొట్టుకున్న మనిషి, కనిపించలేదని నోరు తెరిచి చెప్పాడు చూడండి, ఆయనకు నేను మనసులో నమస్కారం పెట్టుకున్నాను. "వద్దండి, తిడతారండి" అని ఆయనా అనుకుని ఉండవచ్చు కదా.

చెప్పకుండా, చూడకుండా ఉంటే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ నగరపు గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం హాంకాంగ్ వెళ్లడానికి సిద్ధంగా ఉండగా, సామాను పెట్టే పై అరలో మంట పుట్టింది. విమానం ఇంకా నేలమీదనే ఉండడం వల్ల లోపలున్న 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విమానం పై భాగం మాత్రం కాలి బొగ్గయింది. అరలో ఉన్న పవర్ బ్యాంకు నుండే అది మొదలై ఉండవచ్చునని దర్యాప్తులో తేలింది. ఆ తరువాత కొరియాలో పవర్ బ్యాంకులను పై అరలో పెట్టనివ్వడం మానేశారు. కళ్ల ముందు ఉండే వస్తువు రగిలితే పట్టుకోవచ్చు. తలుపు మూసిన అరలోనిది కనబడేసరికే ఆలస్యమవుతుంది.

ఇక మనిషి చెయ్యి చేరని చోట? 2010 సెప్టెంబరు 3న దుబాయి నుండి లేచిన ఒక సరకుల విమానంలో బ్యాటరీల మూటలున్నాయి. దారిలో మంట లేచింది. పైలట్ల గదిలో పొగ నిండి ఎదురుగా ఉన్న మీటర్లే కనిపించలేదు. వెనక్కి తిరిగి దుబాయి చేరుకోబోయి కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ మరణించారు. ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను సరకుగా వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. రాయచోటి యువకుడి పెట్టె తాళ్లు కోయించిన అమ్మాయి మీద నేను విసుక్కున్నాను కదా. ఆ పెట్టె వెళ్లేది మన కాళ్ల కింద ఉన్న గదిలోకి. గాలిలో ఉండగా అక్కడికి ఎవరూ దిగలేరు. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోమనడం అందుకే.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలుంటే ఇది వారిచేత చేయించండి. పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే, దాన్ని 3.7 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగించాలి. 74 వాట్ అవర్లు వస్తుంది. విమాన సంస్థ అనుమతి అడగకుండా తీసుకువెళ్లగలిగినది 100 వాట్ అవర్ల వరకే. అంకెలు చెరిగిపోయినదాన్నీ, పొట్ట ఉబ్బినదాన్నీ ఇంటిదగ్గరే వదిలి వెళ్లండి. తీసుకువెళ్లినా విమానంలో దానితో ఛార్జింగు పెట్టనివ్వని సంస్థలు ఉన్నాయి. ఎమిరేట్స్ వారు 2025 అక్టోబరు 1 నుండి ఆ నియమం పెట్టారు. మన దేశంలో కూడా అదే నెల 19న ఢిల్లీలో దిమాపూర్ వెళ్లే విమానం పరుగుదారి వైపు కదులుతుండగా సీటు జేబులోని ఒక పవర్ బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పారు.

ఇవన్నీ నేను తరువాత తెలుసుకున్నవి. ఆ రాత్రి మాత్రం విమానంలో మా బాధ వేరు. కోనసీమ అమ్మాయి నిశ్శబ్దంగా ఏడుస్తున్నది. విమానం గురించి కాదు. ఫోను చిట్లింది. కొడుకు ఫొటోలు, వాడు పద్యం అప్పగించిన గొంతు, అన్నీ అందులోనే. దానికి మించిన చిక్కు మరొకటి మా ఆవిడ అడిగితే బయటపడింది. హైదరాబాదులో ఆమె అన్న వచ్చి తీసుకువెళ్లాలి. అతని నంబరు ఆమెకు కంఠతా రాదు. అన్నది రాదు, అమ్మది రాదు, కువైట్‌లో పని చేసే ఇంటిది రాదు. పేరు మీద వేలు పెడితే చాలు గనుక ఒక్క నంబరూ నేర్చుకోలేదు. ఆమెనని ఏం లాభం? మా అబ్బాయి నంబరు మీకు నోటికొచ్చా అని మా ఆవిడ నన్నడిగింది. నాకూ రాదు. చొక్కా జేబులోని కాగితం మీద నా నంబరు రాసి ఆ అమ్మాయికి ఇచ్చాను. అది ఒక్కటే నాకు తెలుసు.

శంషాబాదులో దిగాక ఫోనును సంచితో సహా చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. ఛార్జింగు పెట్టవద్దు, తెరవవద్దు, తెలిసిన మెకానిక్కుకు చూపించమని చెప్పారు. సామాను బండి తోసుకుంటూ ముగ్గురం బయటికి వచ్చాము. తెల్లవారుజాము. ఇనుప కడ్డీల అవతల వందమంది నిలబడి ఉన్నారు. ఫోను లేకుండా మనిషిని వెతకడం ఎలాగో మేమంతా మరచిపోయాము. ఆమె ఆ చివర నుండి ఈ చివరకు రెండుసార్లు నడిచింది. మూడోసారి, ఒక స్తంభం మొదట్లో గొంతుకు కూర్చున్న మనిషి గభాలున లేచాడు. అతని భుజం మీద పిల్లవాడు నిద్రపోతున్నాడు.

వాడిని కూడా తెచ్చాడని ఆమెకు తెలియదు. బండి వదిలేసి పరుగెత్తింది. లేపితే వాడు కళ్లు నులుముకుని చూసి, మేనమామ మెడ గట్టిగా పట్టుకుని ముఖం దాచుకున్నాడు. రోజూ మాట్లాడే అమ్మ ఫోనులో ఉండే అమ్మ. ఎదురుగా నిలబడ్డ ఈవిడ ఎవరో వాడికి తెలియలేదు. ఆమె దగ్గరికి లాక్కోలేదు. అక్కడే నేలమీద కూర్చుని, సంచిలోంచి ఖర్జూరం పొట్లం విప్పి, వాడికి కనబడేటట్టు ఒకటి చేతిలో పట్టుకుని ఊరుకుంది. మా బస్సుకు వేళయింది. వాడు దిగాడో లేదో చూడకుండానే వచ్చేశాము. దారంతా మా ఆవిడ దాని గురించే.

పది రోజులకు, కోతల హడావిడిలో ఉండగా, తెలియని నంబరు నుండి ఫోను వచ్చింది. అమలాపురంలో బ్యాటరీ మార్చారట, ఫొటోలన్నీ ఉన్నాయట, అద్దానికి రెండు వేలయిందట. వెనక నుండి ఒక పిల్లవాడు అమ్మా అమ్మా అని ఏదో అడుగుతున్నాడు. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కోబోతుంటే, ఆమె చివరకు ఇలా అంది:

"కాగితం చూడకుండానే కొట్టానండి బాబాయ్ గారూ. మీ నంబరు నోటికొచ్చేసిందండి."